ఆ ఫైనల్ హైదరాబాద్‌ది, ఢిల్లీ లెక్కలో రాయకండి

ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ అధ్యక్షులు కల్యాణ్ చౌబే గారికి, ఎగ్జిక్యూటివ్ కమిటీ పెద్దలకి, ఇకముందు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఎవరి చేతుల్లో నడిస్తే వాళ్ళకి,

నమస్కారమండి.

2022 మార్చి 20న గోవా ఫతోర్దా స్టేడియంలో జరిగిన ఐఎస్‌ఎల్ ఫైనల్ గురించి రాస్తున్నా. ఎప్పటి మ్యాచ్ అది, ఇప్పుడెందుకు తవ్వుతున్నాడు అనుకుంటారేమో, తవ్వాల్సిన అవసరం ఇప్పుడే వచ్చిందండి. ఆ రోజు కప్పు గెల్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఇప్పుడు లేదు. 2025 అక్టోబర్‌లో ఆ క్లబ్ ఢిల్లీకి వెళ్ళిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. సరే పోయింది, ఓనర్ల డబ్బు ఓనర్ల ఇష్టం అంటారు, దాని మీద నాకు చెప్పాల్సింది చాలా ఉంది, కింద చెప్తా. కానీ ముందు అడగాల్సింది ఒకటే, ఆ కప్పు ఎవరిది? రేపు టీవీలో ఢిల్లీ మ్యాచ్ వస్తుంటే కింద స్ట్రిప్‌లో "2022 చాంపియన్స్" అని వేస్తారా? పదేళ్ళు పోయాక ఒక పిల్లాడు రికార్డులు తిరగేస్తే ఆ సీజన్ పక్కన ఏ ఊరి పేరు కనపడాలి?

అది మీరు తేల్చండి. మీరు తేల్చకపోతే మార్కెటింగ్ వాళ్ళు తేలుస్తారు, వాళ్ళెలా తేలుస్తారో నాకూ తెలుసు మీకూ తెలుసు.

అసలా రాత్రి ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేస్తా, ఎందుకంటే మీ ఆఫీస్‌లో అది ఒక ఫైల్‌లో ఒక లైన్ అయ్యుంటుంది, మాకు అలా కాదు. కోవిడ్ వల్ల రెండు సీజన్లు మొత్తం గోవాలోనే, బయో బబుల్‌లో, ఖాళీ స్టాండ్ల ముందు ఆడించారు కదా, ఈ ఫైనల్‌కి జనాన్ని రానిచ్చారు. అవతలి టీమ్ కేరళ బ్లాస్టర్స్, వచ్చినోళ్ళలో ఎక్కువ మంది కేరళ వాళ్ళే. ఒప్పుకోవాలి, మంజప్పడ, అంటే బ్లాస్టర్స్ అభిమానుల దండు, వాళ్ళ అభిమానం ముందు మనం నిలబడలేం, రైళ్ళేసుకుని బస్సులేసుకుని బైకుల మీద కూడా దిగిపోయారు. స్టేడియం మొత్తం పసుపు. తమాషా ఏంటంటే టేబుల్‌లో మనోళ్ళు రెండో స్థానం, బ్లాస్టర్స్ నాలుగో స్థానం కాబట్టి కాగితం మీద "హోమ్ టీమ్" హైదరాబాద్, మన జెర్సీ కూడా పసుపే, అంచేత గ్రౌండ్‌లో పసుపు వేసుకుంది మనోళ్ళు, బ్లాస్టర్స్ నలుపులో దిగారు. అంటే స్టాండ్స్‌లో అన్ని వేల మంది పసుపు చొక్కాలేసుకుని గ్రౌండ్‌లో పసుపు చొక్కాల మీద అరుస్తున్నారన్నమాట. ఇలాంటి ఫైనల్ ఇంకోటి నేనైతే చూడలేదు.

68వ నిమిషంలో బ్లాస్టర్స్ ఆటగాడు రాహుల్ కేపీ బాక్స్ బయట్నుంచి కొట్టాడు. మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని చెయ్యి పెట్టాడు కూడా, బాల్ చేతికి తగిలి జారి లోపలికెళ్ళింది. ఆపాల్సిన షాటే అది. ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. కట్టిమని గోవా మనిషి. 2015 డిసెంబర్‌లో ఇదే ఫతోర్దాలో ఐఎస్‌ఎల్ ఫైనల్, ఎఫ్‌సీ గోవా సొంతూళ్ళో చెన్నైయిన్ మీద 2-1తో ముందుంది, టైమ్ అయిపోవస్తోంది, 90వ నిమిషంలో బాల్ కట్టిమని చేతుల మీదుగా సొంత గోల్‌లోకే వెళ్ళింది, ఆ వెంటనే చెన్నైయిన్ ఆటగాడు మెండోజా ఇంకోటి కొట్టి 3-2తో కప్పు ఎత్తుకుపోయాడు. ఆరేళ్ళ తర్వాత అదే గ్రౌండు, మళ్ళీ ఫైనల్, మళ్ళీ ఆయన చేతుల్లోంచే. చౌబే గారూ, మీరూ గోల్‌కీపరే కదండీ, ఈస్ట్ బెంగాల్‌కీ మోహన్ బగాన్‌కీ ఆడినవారు, ఆ నిమిషంలో ఆ మనిషి లోపల ఏం జరిగుంటుందో నాకన్నా మీకే బాగా తెలుస్తుంది.

88వ నిమిషం దాకా అదే స్కోరు. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా, ఈయనా గోవా అబ్బాయే, బ్లాస్టర్స్ వాళ్ళు క్లియర్ చేసిన బాల్ బాక్స్ బయట దొరికితే ఆపకుండా వాలీ లాగాడు, 1-1. ఎక్స్‌ట్రా టైమ్‌లో ఏం లేదు, కాళ్ళు పట్టేసినోళ్ళ ఆట. తర్వాత పెనాల్టీలు.

బ్లాస్టర్స్ నుంచి లెస్కోవిచ్ కొట్టాడు, కట్టిమని ఆపాడు. నిషు కుమార్ కొట్టాడు, ఆపాడు, రిఫరీ ఏమో గోల్‌కీపర్ లైన్ మీద నుంచి ముందే కదిలాడని మళ్ళీ కొట్టమన్నాడు, మళ్ళీ కొట్టాడు, మళ్ళీ ఆపాడు! మధ్యలో మన సివేరియో బార్ పైనుంచి కొట్టేశాడు, అదొక టెన్షన్. ఆయుష్ అధికారి ఒక్కడే కట్టిమనిని దాటించాడు. జీక్సన్ సింగ్‌ది కూడా ఆపేశాడు. చివర్లో హలిచరణ్ నర్జరీ ప్రశాంతంగా వేసేసరికి 3-1. లెక్కలో మూడు సేవ్‌లు, కానీ చూసినోళ్ళకి నాలుగు. బ్లాస్టర్స్‌కి అది మూడో ఫైనల్ ఓటమి, 2014, 2016, మళ్ళీ ఇది, పాపం అనిపించింది కూడా.

ఇదండీ ఆ మ్యాచ్. ఇందులో ఢిల్లీ ఎక్కడుంది?

ఒక మాట నేనే ముందు అనేస్తా, ఎందుకంటే ఎవరో ఒకరు అంటారు. ఆ రోజు మొదలుపెట్టిన పదకొండు మందిలో తెలుగోడు ఒక్కడూ లేడు. గోవా, మణిపూర్, సిక్కిం, యూపీ లాంటి చోట్ల వాళ్ళు, పైన విదేశీయులు. కోచ్ మనోలో మార్కెజ్ స్పెయిన్ ఆయన. ఇంకేంటి మీ ఊరి టీమ్ అని అడగొచ్చు. బార్సిలోనాలో పుట్టినోళ్ళే బార్సిలోనాకి ఆడతారా ఏంటి. ఊరి టీమ్ అంటే ఊళ్ళో పుట్టినోళ్ళ టీమ్ అని కాదు, ఆ ఊరి జనం పేరు పెట్టి అరిచే టీమ్. గోల్స్ మిషన్ ఒగ్బెచే నైజీరియా ఆయన, ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు, ఆ పేరు మా గల్లీ పిల్లలకి నోరు తిరగకపోయినా అరిచేవాళ్ళు.

ఇంకో సంగతి. ఈ టీమ్ మా ఊరికి ఎలా వచ్చిందో నేను మర్చిపోలేదు. 2019లో ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే ఆ స్లాట్‌లో హైదరాబాద్ వచ్చింది. మా సంబరంలో మేమున్నాం, పుణెలో ఐదు సీజన్లు ఆ టీమ్ వెనక తిరిగిన వాళ్ళు ఏమయ్యారో ఇక్కడ ఎవరూ అడగలేదు. అదే ఆగస్టులో ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్ళి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అంటే ఒక్క నెలలో రెండు ఊళ్ళు టీమ్‌లు పోగొట్టుకున్నాయి, అందులో ఢిల్లీ ఒకటి. ఇప్పుడు అదే ఢిల్లీకి మా టీమ్ వెళ్ళింది. కుర్చీలాటలా ఉంది, పాట ఆగినప్పుడల్లా ఏదో ఒక ఊరి జనం నిలబడిపోతారు. అందుకే ఇది ఢిల్లీ వాళ్ళ మీద కోపం కాదండి, వాళ్ళకి టీమ్ రావాల్సిందే, అంత పెద్ద ఊరికి లేకపోవడమే తప్పు. కానీ ఒక ఊరిది పీకి ఇంకో ఊళ్ళో నాటడం అనే పద్ధతి మీద నా గొడవ, ఇది ఓనర్లు తయారుచేసింది కాదు, రూల్ లేకపోవడం వల్ల తయారైంది, రూల్ రాయాల్సింది మీరు.

అసలు హైదరాబాద్ ఎఫ్‌సీ ఎలా దిగజారిందో కూడా చూడండి. మొదటి సీజన్ చిట్టచివర, 18 మ్యాచ్‌లకి రెండు గెలుపులు. రెండోది ఐదో స్థానం. మూడోది కప్పు. నాలుగోది లీగ్‌లో రెండో స్థానం, సెమీస్‌లో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో పోయింది. అక్కడిదాకా నిచ్చెనే, ఆ తర్వాత పామే. 2023-24లో జీతాలు అందట్లేదని వార్తలు, కొత్త ఆటగాళ్ళని తీసుకోకుండా ఫిఫా ట్రాన్స్‌ఫర్ బ్యాన్, జనవరికల్లా విదేశీ ఆటగాళ్ళు, పేరున్న ఇండియన్ ఆటగాళ్ళు దాదాపు అందరూ సర్దుకుని వెళ్ళిపోయారు. మిగిలిన కుర్రాళ్ళని పెట్టుకుని కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో గారు ఆ సీజన్ ఈదారు, 22 మ్యాచ్‌లకి ఒక్కటే గెలుపు, 8 పాయింట్లు. ఆ కుర్రాళ్ళు చెన్నైలో 1-0తో గెలిచిన రోజు మా వాట్సాప్ గ్రూపులో జనం కప్పు గెల్చినంత గోల చేశారు, నిజం చెప్తున్నా. కొత్త యాజమాన్యం వచ్చింది, 2024-25లో 13 టీముల్లో 12వ స్థానం. ఆ తర్వాత ఢిల్లీ.

ఇదంతా జరుగుతుంటే ఆటగాళ్ళ జీతాల గురించి మీటింగులు జరిగుంటాయి, లైసెన్స్ గురించి జరిగుంటాయి, స్పాన్సర్ల గురించి జరిగుంటాయి. సీజన్ టికెట్ కొన్నవాడిని, వారం మధ్యలో ఆఫీస్ నుంచి పరిగెత్తి వచ్చినవాడిని, ఎవరైనా ఒక్క ముక్క అడిగారా? గచ్చిబౌలి స్టేడియంకి మ్యాచ్‌కి రావడం అంటే ఏంటో మీకు తెలీదేమో, చెప్తా. కిక్కాఫ్ ఏడున్నరకి. ఆ టైమ్‌కి ఐటీ కంపెనీలన్నీ ఒకేసారి రోడ్డు మీదకి వదుల్తాయి. మెట్రోలో రాయదుర్గం దాకా రావచ్చు, అక్కడ్నుంచి ఆటో వాడు ఎంతంటే అంత. ఉప్పల్ నుంచో మల్కాజిగిరి నుంచో వచ్చేవాడు నాలుగున్నరకే బయల్దేరాలి, తొమ్మిదిన్నరకి మ్యాచ్ అయితే ఇంటికి చేరేసరికి పదకొండున్నర. లోపల మంచినీళ్ళు కూడా దొరక్క తిట్టుకున్న రోజులున్నాయి. ఇంత చేసీ వచ్చింది టేబుల్‌లో చివర ఉన్న టీమ్‌కి. మా అభిమానుల గ్రూపు డెక్కన్ లీజియన్ కుర్రాళ్ళు డ్రమ్ములు మోసుకొచ్చింది కూడా ఆ టీమ్‌కే. స్టాండ్స్ ఖాళీగా ఉన్నాయి కాబట్టి ఊరు మార్చారు అనేవాళ్ళకి నేనడిగేది, కప్పు గెల్చిన సీజనూ అంతకు ముందు సీజనూ టీమ్ మొత్తం గోవాలో ఉంది, 2022 అక్టోబర్‌కి గానీ మళ్ళీ సొంత గ్రౌండ్‌లో ఆడలేదు, ఒక్క సీజన్ బాగా ఆడారు, వెంటనే జీతాల గోల మొదలైంది. ఊరికి టీమ్ అలవాటు కావడానికి టైమ్ ఎక్కడ ఇచ్చారు?

సొంతూళ్ళో మొదటి మ్యాచ్ గుర్తుందా, 2019 నవంబర్ 2, అదే కేరళ బ్లాస్టర్స్, అదే గచ్చిబౌలి, 2-1తో గెలిచాం, మార్సెలిన్హో ఫ్రీకిక్. రెండున్నరేళ్ళకి అదే కేరళ మీద కప్పు. ఇంత మంచి కథ ఏ లీగ్‌కి దొరికినా పదేళ్ళు అమ్ముకుంటుంది. మీరు దాన్ని అడ్రస్ మార్చేసి వదిలేశారు.

హైదరాబాద్‌కి ఫుట్‌బాల్ కొత్త కాదని మళ్ళీ చెప్పాల్సి రావడం నాకే చిరాగ్గా ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ ఇక్కడివారు. ఆయన కోచ్‌గా ఇండియా 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఈ రెండు స్వర్ణాలు తప్ప ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకి స్వర్ణమే లేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. తులసీదాస్ బలరామ్ సికింద్రాబాద్ అమ్ముగూడ ఆయన. పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, నయీముద్దీన్, ఇంకా ఎంతమందిని చెప్పమంటారు. సునీల్ ఛెత్రి పుట్టింది కూడా సికింద్రాబాద్‌లోనే, పెరిగింది ఇంకెక్కడో అనుకోండి, అయినా చెప్పుకుంటాం. అవన్నీ తాతల కాలం నేతుల వాసన అంటారా, సరే. మరి మొన్న మొన్న 2024లో ఇంటర్ కాంటినెంటల్ కప్ ఎక్కడ పెట్టారు? గచ్చిబౌలిలో. నవంబర్‌లో మలేషియాతో ఫ్రెండ్లీ? గచ్చిబౌలిలో. డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్, బెంగాల్ 1-0తో కేరళని కొట్టింది, అదెక్కడ? అదీ గచ్చిబౌలిలోనే. ఇండియా కోచ్‌గా అక్కడ టచ్‌లైన్ మీద నిలబడింది ఎవరు, మాకు కప్పు తెచ్చిన మనోలో మార్కెజ్. అంటే స్టేడియం పనికొస్తుంది, ఊరు పనికొస్తుంది, మా కోచ్ కూడా పనికొచ్చాడు, టీమ్ మాత్రం వద్దు.

నేను అడిగేవి పెద్దవేం కావు.

కప్పు సంగతి ముందు. 2021-22 చాంపియన్ హైదరాబాద్ ఎఫ్‌సీ, హైదరాబాద్ నగరం, ఈ రికార్డు ఇంకే క్లబ్ ఖాతాలోకీ వెళ్ళదు అని మీ ఎగ్జిక్యూటివ్ కమిటీ ఒక తీర్మానం చెయ్యాలి. కొత్త క్లబ్ తన చరిత్ర తనే రాసుకోవాలి. ఇది వింత కోరిక కాదు, ఇంగ్లండ్‌లో జరిగిందే. వింబుల్డన్ ఎఫ్‌సీ అని ఒక టీమ్, 1988లో లివర్‌పూల్ అంతటిదాన్ని 1-0తో ఓడించి ఎఫ్‌ఏ కప్ గెలిచింది. 2003లో దాన్ని లండన్ నుంచి మిల్టన్ కీన్స్‌కి ఎత్తుకెళ్ళారు, పేరు మార్చి ఎంకే డాన్స్ చేశారు. ఊళ్ళో జనం ఊరుకోలేదు, వెళ్ళిపోతుందని ఖాయమైన 2002లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంతంగా టీమ్ పెట్టుకుని అట్టడుగు డివిజన్ల నుంచి మొదలుపెట్టారు, 2011కల్లా ఫుట్‌బాల్ లీగ్‌కి వచ్చేశారు. మధ్యలో 2007లో ఎంకే డాన్స్ వాళ్ళు ఆ పాత కప్పుల్ని, ఆ చరిత్రని వదులుకుని వింబుల్డన్ ఉన్న మెర్టన్ కౌన్సిల్‌కి అప్పగించారు. అంటే 1988 కప్పు ఇప్పుడు ఆ ఊరిదే. లివర్‌పూల్‌ని కొట్టిన కప్పునే వెనక్కి ఇచ్చారు, బ్లాస్టర్స్‌ని కొట్టిన కప్పుకి అభ్యంతరం ఏముంటుందండీ. అసలు ట్రోఫీ ఎవరి అల్మారాలో ఉందో గానీ దాన్ని తెచ్చి ఎల్బీ స్టేడియంలోనో, గచ్చిబౌలిలోనో ఒక అద్దాల పెట్టెలో పెట్టిస్తే ఇంకా సంతోషం.

తర్వాతది రూల్. క్లబ్ ఊరు మారాలంటే ఏం చెయ్యాలో కాగితం మీద రాయండి. ముందు ఆటగాళ్ళకీ స్టాఫ్‌కీ చివరికి బస్సు డ్రైవర్‌కీ బాకీలు మొత్తం తీర్చాలి. కనీసం ఒక సీజన్ ముందు చెప్పాలి. ఆ ఊరి అభిమానుల్ని కూర్చోబెట్టి వినాలి, ఒప్పుకోమని కాదు, వినమని. ఆ ఊళ్ళో ఇంకో కొనేవాడు దొరుకుతాడేమో చూడ్డానికి కొన్నాళ్ళు ఇవ్వాలి. ఇల్లు ఖాళీ చేయించడానికే నోటీసు పీరియడ్ ఉంటుంది, ఒక ఊరి టీమ్‌కి లేకపోతే ఎలా. యూత్ టీమ్‌లో ఉన్న పిల్లలు, వాళ్ళ సంగతి కూడా అందులో ఉండాలి, పదిహేనేళ్ళ పిల్లాడు క్లబ్‌తో పాటు ఢిల్లీ వెళ్ళలేడు, వెళ్ళకపోతే ఆడటానికి చోటు లేదు.

మూడోది మా ఊరికి దారి. ఇక్కడే ఇంకో క్లబ్ ఉంది, శ్రీనిధి డెక్కన్, ఐఎస్‌ఎల్‌కి కింది మెట్టు అయిన ఐ-లీగ్‌లో ఆడుతూ వచ్చింది. 2022-23లో రెండో స్థానం, 2023-24లో కూడా రెండో స్థానం. మొదటిసారి పంజాబ్ పైకి వెళ్ళింది, రెండోసారి మహమ్మడన్. రెండుసార్లూ గడప దాకా వచ్చి ఆగిపోయారు, ఆటలో ఓడితే ఓడినట్టే, దాని మీద కంప్లయింట్ లేదు. కానీ చూడండి, ఈ దేశంలో ఒక ఊరి క్లబ్ రెండేళ్ళు ఆడి రెండో స్థానం తెచ్చుకున్నా ఐఎస్‌ఎల్‌కి రాలేదు, అదే పైన ఉన్న స్లాట్ మాత్రం 1,500 కిలోమీటర్లు ఒక ప్రకటనతో కదిలిపోతుంది. శ్రీనిధిని ఊరికే పైకి ఎత్తేయమని నేను అడగట్లేదు, అది మళ్ళీ ఇంకో అన్యాయం. ప్రమోషన్, అంటే కింది లీగ్ గెల్చినవాడు పైకి రావడం, ఏ సీజన్‌కి ఆ సీజన్ మీ ఇష్టం కాకుండా పక్కాగా ఉంచండి, కింద నుంచి వచ్చేవాడికి రేపు లీగ్ ఉంటుందో లేదో అన్న భయం లేకుండా చెయ్యండి చాలు. కష్టపడి వస్తే వస్తారు.

మీ ఇబ్బందులు మాకు తెలీక కాదు. ఐఎస్‌ఎల్ నడిపిన కంపెనీ ఎఫ్‌ఎస్‌డీఎల్‌తో మీకున్న పదిహేనేళ్ళ ఒప్పందం 2025 డిసెంబర్‌తో అయిపోయింది, దానికి ముందే సీజన్ ఆగిపోయింది, టెండర్ పిలిస్తే ఒక్కడూ బిడ్ వెయ్యలేదు, ఆటగాళ్ళు జీతాల్లేక వీడియోలు పెట్టి మొరపెట్టుకున్నారు, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది వ్యవహారం. ఇంత మంటల్లో హైదరాబాద్ వాడొచ్చి నాలుగేళ్ళ కిందటి కప్పు గురించి అడుగుతున్నాడేంటి అనిపించొచ్చు. కానీ ఆ బిడ్లు ఎందుకు రాలేదో కూడా ఆలోచించండి. లీగ్‌లో డబ్బు పెట్టేవాడు కొనేది ఏంటి, పచ్చగడ్డీ గోల్ పోస్టులూ కాదు కదా, వాడు కొనేది అలవాటు. ప్రతి వారం ఒకే రంగు చొక్కా వేసుకుని ఒకే గేట్ దగ్గర లైన్‌లో నిలబడే జనాన్ని. కొచ్చిలో ఆ జనం ఉన్నారు, కోల్‌కతాలో ఉన్నారు, అందుకే అక్కడ టీములు ఎన్ని ఓడినా నిలబడుతున్నాయి. బ్లాస్టర్స్ మూడు ఫైనల్స్ ఓడింది, ఒక్క కప్పు లేదు, అయినా ఎవడైనా దాన్ని కొచ్చి నుంచి కదిలించగలడా? మేము కప్పు గెలిచాం, మాకు టీమ్ లేదు.

ఇక్కడ మా వాళ్ళకి కూడా ఒక మాట. సన్‌రైజర్స్ మ్యాచ్ టికెట్ కోసం రాత్రంతా ఫోన్ పట్టుకుని కూర్చునేవాళ్ళు ఫుట్‌బాల్‌కి ఫ్రీ పాస్ ఇచ్చినా "లైవ్‌లో చూస్తాలే బ్రో" అన్నారు, నాకు తెలిసినోళ్ళే ఉన్నారు అలాంటివాళ్ళు. ఓనర్లకి మనం కొంచెం సాకు ఇచ్చాం. రాష్ట్ర ప్రభుత్వం కూడా ఇంటర్నేషనల్ మ్యాచ్‌లు తెచ్చినంత ఉత్సాహం ఉన్న టీమ్‌ని నిలబెట్టుకోవడం మీద చూపించి ఉండాల్సింది. అయినా ఆ లెక్క మేమూ మేమూ చూసుకుంటాం, ఈ లేఖ మీకు.

కట్టిమని గురించి ఇంకొక్క మాట చెప్పి ఆపేస్తా. ఆ మనిషి 2015లో చేసిన పొరపాటు రికార్డులో ఉంది, ఫైనల్, 90వ నిమిషం, సొంత గోల్, పక్కన పేరుతో సహా. దాన్ని ఎవరూ చెరపలేదు, చెరపకూడదు కూడా. అలాంటప్పుడు 2022లో ఆయన ఆపిన పెనాల్టీల పక్కన ఏ టీమ్ పేరుందో అది కూడా అలాగే ఉండాలి కదా. ఆయన ఢిల్లీకి కప్పు గెలిపించలేదు.

మీ ఎగ్జిక్యూటివ్ కమిటీ ఈసారి కూర్చున్నప్పుడు అజెండాలో ఇదొక ఐటెమ్ పెట్టండి. రూల్ రాయడానికి టైమ్ పడుతుంది, ప్రమోషన్ సంగతి తేలడానికి ఇంకా పడుతుంది, అర్థం చేసుకోగలం. రికార్డు తీర్మానానికి మాత్రం రూపాయి ఖర్చు లేదు, స్పాన్సర్ అక్కర్లేదు, పది నిమిషాల పని, అది ముందు చేసేయండి. చేశాక మాకు ఉత్తరం కూడా అక్కర్లేదు, మీ రికార్డుల పేజీలో కనపడితే చాలు, మేమే చూసుకుంటాం.

ఇట్లు,
గచ్చిబౌలి స్టాండ్స్‌లో అరిచి గొంతు పోగొట్టుకున్న ఒక హైదరాబాద్ ఎఫ్‌సీ అభిమాని